తోకచుక్క శలభము

మడగాస్కరు ద్వీపపు తూర్పు కొండలలో, ఏడాది పొడుగునను తడి ఆరని అడవులలో, ఒక పెద్ద పసుపుపచ్చని శలభము నివసించుచున్నది. దాని వెనుక రెక్కలనుండి రెండు పొడవైన తోకలు వ్రేలాడుచుండును. ఆ తోకలు తోకచుక్కను జ్ఞప్తికి తెచ్చుటచేత ఐరోపావారు దానికి ఆ పేరే పెట్టిరి. మనకును 'తోకచుక్క' అను చక్కని మాట సిద్ధముగానే ఉన్నది గనుక, ఈ వ్యాసములో దానిని తోకచుక్క శలభమనియే పిలుతము. శాస్త్రీయనామము ఆర్జీమా మిట్రై. 1847లో గెరాన్-మెన్విల్ అను ఫ్రెంచి కీటకశాస్త్రజ్ఞుడు దీనిని తొలిసారిగా వర్ణించెను.

శలభములు సీతాకోకచిలుకలకు దగ్గరి చుట్టములు. రెంటి రెక్కలమీదను సన్నని పొలుసులు పెంకుటింటి కప్పువలె వరుసగా పేర్చియుండును. రెక్కను ముట్టినప్పుడు వ్రేలికి అంటుకొను పొడి ఈ పొలుసులే. శలభములలో ఎక్కువభాగము రాత్రి తిరుగునవి. మన ఇండ్లలో దీపమునకు ముసరు పురుగులలో అనేకములు ఈ జాతివే. అయితే దీపము చుట్టు తిరుగు ఆ బూడిదరంగు చిన్న పురుగును చూచి తోకచుక్క శలభమును ఊహించుకొనరాదు. ఇది అడవి పట్టుపురుగుల కుటుంబమునకు చెందినది. చెన్నూరు, మహాదేవపూరు ప్రాంతముల అడవులలో మద్దిచెట్లమీద పెంచెడి దసలి పట్టుపురుగు కూడ ఆ కుటుంబములోనిదే. మల్బరీ ఆకు తిను మామూలు పట్టుపురుగు మాత్రము వేరొక కుటుంబమునకు చెందును.

ఇక దీని రూపము. ఉపాధ్యాయులు నల్లబల్లమీద 20 సెంటీమీటర్ల అడ్డగీత గీయింతురుగాక. మగశలభము రెక్కలు చాచినప్పుడు ఈ కొననుండి ఆ కొనవరకు వెడల్పు సుమారు అంత. ఆ గీత మధ్యనుండి క్రిందికి 15 సెంటీమీటర్ల పొడవున రెండు సన్నని పట్టీలు గీసినచో తోకలు ఏర్పడును. అనగా శరీరము బొటనవ్రేలంత, తోకలు జానెడు దగ్గరగా! రెక్కలు నిగనిగలాడు పసుపు. వాటి అంచులయందును నడుమను తుప్పువన్నె గోధుమరంగు గీతలు. నాలుగు రెక్కలమీదను ఒక్కొక్క గుండ్రని కంటిబొట్టు. తోక నడిమిభాగము ఎర్రని గోధుమవన్నె, కొన తిరిగి పసుపు. తోక చివర బల్లపరుపుగా ఉండక కొంచెము వెడల్పై, మెలితిరిగి యుండును. ఈ మెలికను మరువకుడు, దీనితో మనకు తరువాత పని కలదు.

ఆడశలభము ఇంత నాజూకుగా నుండదు. దాని రెక్కలు వెడల్పుగను, గుండ్రముగను ఉండును. తోకలు పొట్టివి, దళసరివి. పొట్ట గ్రుడ్లతో బరువుగా ఉండును. మగదాని స్పర్శశృంగములు పక్షియీకవలె రెండు వైపుల పాయలు పాయలుగా విచ్చుకొని యుండును. ఆడదానికి అవి సన్నగా ఉండును. పగలు ఈ శలభము కొమ్మనుండి కదలక వ్రేలాడుచుండగా పండుబారిన ఆకుల గుత్తివలె కనబడును. పసుపు, గోధుమ రంగుల కలయిక అందుకు అనువుగా నున్నది.

రెక్కలును తోకలును పట్టుగూటిలో ఇంత పొడవుగా ఉండునా అని విద్యార్థులు తరచుగా అడుగుదురు. ఉండవు. ప్యూపాదశలో అవి ముడుతలు పడి, నలిపిన గుడ్డపేలికవలె చిన్నవిగా ఉండును. గూటినుండి వెలువడగనే శలభము ఏదేని కొమ్మను పట్టుకొని తలక్రిందు కాకుండ వ్రేలాడును. శరీరములోని ద్రవమును రెక్కల ఈనెలలోనికి తోయును. ముడుతలు విచ్చి, రెక్కలు సాగి, తోకలు క్రిందికి జారును. కొన్ని గంటలలో అవి ఆరి బిగిసిపోవును. ఆ సమయమున వ్రేలాడుటకు చాలినంత చోటు దొరకక, తోకలు దేనికైన తగిలినచో వంకరగానే గట్టిపడిపోవును. తరువాత సరిచేసికొను ఉపాయము లేదు.

ఇంత శ్రమపడి పెంచుకొనిన తోకలు దేనికి? ఎగురుటకు అవి అవసరము కావు. తోకలున్న శలభములలో తోకలు తెగిపోయినవి కూడ హాయిగా ఎగురును. చెట్ల సందులలో తిరుగు పురుగునకు జానెడు తోక అడ్డమేకాని సాయము కాదు. ప్రకృతిలో ఇట్టి వృథా అలంకారము కనబడినప్పుడు మొదట తోచు జవాబు నెమలిపింఛము. ఆడది మెచ్చుటకై మగది తోకలు పెంచినదని అనుకొందుమా? డార్విను చెప్పిన లైంగిక వరణము ఇక్కడ సరిపడునట్లే పైకి కనబడును. మగదాని తోకలే పొడవు గదా! కాని ఈ కుటుంబపు శలభములు జతకూడుట చిమ్మచీకటిలో. అక్కడ చూపుకంటె వాసనకే పెత్తనము.

ఈ సంగతిని సుమారు 1900 ప్రాంతమున ఫ్రాన్సు దేశపు జాన్ హెన్రీ ఫాబ్ర్ అందముగా వర్ణించెను. ఆయన తన ఇంటిలో ఇదే కుటుంబమునకు చెందిన పెద్ద నెమలిశలభపు ఆడదానిని తీగెల బోనులో నుంచెను. ఆ రాత్రియే 40 మగశలభములవరకు కిటికీలలోనుండి ఇంటిలోనికి వచ్చినవి! ఎనిమిది రాత్రులలో వచ్చినవాటి సంఖ్య 150 వరకు ఉండెను. ఆడదానిని బిగువుగా మూసిన పెట్టెలో ఉంచిన ఒక్కటియు రాలేదు. మూతలో సందున్నచో వచ్చినవి. ఆ పరిమళ మేమిటో తేల్చుటకు మరి అరువదేండ్లు పట్టెను. 1959లో జర్మను రసాయనశాస్త్రజ్ఞుడు ఆడాల్ఫ్ బుటెనాన్ట్ మామూలు పట్టుపురుగు ఆడశలభములను సుమారు 5 లక్షలు సేకరించి, వాటినుండి కొద్ది మిల్లీగ్రాముల పదార్థమును వేరుచేసెను. తోకచుక్క శలభములో కూడ ఆడది ఇట్టి గంధమును గాలిలోనికి వదలుచు కూర్చుండును. మగది తన ఈక స్పర్శశృంగములతో దానిని పసిగట్టి వెదకుకొనుచు వచ్చును. మరి తోకను చూచి మెచ్చుకొనువారెవరు? దీని దాయాదియగు అమెరికా చంద్రశలభముపై 2023లో ప్రచురించిన పరిశోధన ఈ సందేహమును తీర్చినది. జతకూడుటలో తోక ఉండుటవలన మగదానికి ఒరిగినదేమియు లేదు.

కావున తోకకు కారణమును మరియొక దిక్కున వెదకవలసియున్నది. రాత్రి అడవిలో ఎగురు పురుగునకు ముఖ్యశత్రువు గబ్బిలము.

గబ్బిలము చీకటిలో ఎట్లు దారి తెలిసికొనునో చాలకాలము ఎవరికిని తెలియదు. 18వ శతాబ్దపు చివరి దశకములో ఇటలీ దేశపు స్పలాన్జానీ, కన్నులు పోయిన గబ్బిలములు కూడ దారాలకు తగులకుండ ఎగురుటను చూచి ఆశ్చర్యపడెను. చెవులు మూసినచో మాత్రము అవి గోడలకు కొట్టుకొనెను. మన చెవికి వినబడని అతిధ్వనులను అవి నోటితో వెలువరించుచున్నవని 1938లో అమెరికాలో డోనాల్డ్ గ్రిఫిన్ యంత్రముతో కనుగొనెను. ఆ కేక పురుగునకు తగిలి తిరిగివచ్చు ప్రతిధ్వనినిబట్టి గబ్బిలము దాని దూరమును, దిక్కును గ్రహించును.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసి చూతము. గాలిలో ధ్వనివేగము సెకనుకు సుమారు 340 మీటర్లు. గబ్బిలపు కేక సెకనుకు 50,000 కంపనములు గలదనుకొందము. 340ని 50,000చే భాగించిన తరంగదైర్ఘ్యము 0.0068 మీటరు, అనగా 6.8 మిల్లీమీటర్లు వచ్చును. తరంగదైర్ఘ్యముకంటె చాల చిన్నవైన వస్తువులనుండి ప్రతిధ్వని బహు బలహీనముగా వచ్చును. మనము మాటలాడు ధ్వని తరంగము అడుగులలో కొలువవలసినంత పొడవు. దానితో శలభమును వెదకుట పారతో సూదిని ఏరుట వంటిది. 6.8 మిల్లీమీటర్ల తరంగమునకు మాత్రము శలభపు రెక్కయు, తోక చివరనున్న వెడల్పాటి మెలికయు చక్కగా 'కనబడును'.

గబ్బిలములకు బదులుగా కొన్ని శలభములు చెవులు పెంచుకొన్నవి. కెన్నెత్ రోడర్ అను శాస్త్రజ్ఞుడు 1950 తరువాతి సంవత్సరములలో వాటి నాడులను పరీక్షించి, గబ్బిలపు కేక వినగనే అవి ప్రక్కకు తిరుగుటయో, రెక్కలు ముడిచి నేలకు రాలుటయో చేయునని చూపెను. అడవి పట్టుపురుగుల కుటుంబమునకు ఆ భాగ్యము లేదు. వీటికి చెవులే లేవు. గబ్బిలము మీదికి వచ్చుచున్నదను హెచ్చరిక వీటికి అందదు. పారిపోవుటకు వీలులేనివాడు ఏమి చేయవలెను? దెబ్బ తగులక తప్పనిచో, ప్రాణము లేనిచోట తగులునట్లు చూచుకొనవలెను.

తోక చేయు పని అదియేనని 2015లో అమెరికాలోని బాయిసీ స్టేట్ విశ్వవిద్యాలయమున జెస్సీ బార్బర్, ఆయన సహచరులు నిరూపించిరి. వారి ప్రయోగము తోకచుక్కమీద గాక, పైన చెప్పిన చంద్రశలభముమీద జరిగినది. చీకటిగదిలో శలభమును దారముతో వ్రేలాడగట్టి, గబ్బిలమును వదలి, పరారుణకిరణములతో పనిచేయు వేగవంతమైన కెమెరాలతో చిత్రములు తీసిరి. కొన్ని శలభములకు తోకలుంచిరి, కొన్నింటికి కత్తిరించిరి. తోకలులేని వాటిలో నూటికి 81 గబ్బిలముల పాలైనవి. తోకలున్న వాటిలో నూటికి 35 మాత్రమే చిక్కినవి. గబ్బిలపు దాడులలో సగమునకు మించి, నూటికి 55 వంతులు, తోకలమీదికే పోయినవి. ఎగురునపుడు మెలితిరిగిన తోకచివర గిరగిర తిరుగుచు తానే ఒక పురుగైనట్లు ప్రతిధ్వనులను పంపును. గబ్బిలము దానిని పట్టుకొనును. తోకముక్క దాని నోట మిగులును, శలభము సాగిపోవును. బల్లి తోక వదలి పోవుటను చూచినవారికి ఇది వింతగా తోచదు. కాని బల్లి తోక మరల మొలచును, దీనికి మొలవదు.

2018లో అదే బృందము తోకల పొడవు మార్చి చూచినది. తోక పొడవైన కొలది శలభము తప్పించుకొను అవకాశము హెచ్చినది. ఈ కుటుంబపు వంశవృక్షమును పరిశీలింపగా, ఇట్టి తోకలు ఒక్కసారిగాక, వేరువేరు శాఖలలో వేరువేరుగా పలుమారులు ఏర్పడినట్లు తేలినది. ఒకే అవసరమునకు ప్రకృతి ఒకే జవాబును మరల మరల కనుగొన్నదన్నమాట. నా దృష్టిలో ఒక్క జాతిపై చేసిన ప్రయోగముకంటె ఇదియే బలమైన సాక్ష్యము. తోకచుక్క శలభపు తోక ఈ వరుసలో చివరిమెట్టున ఉన్నవాటిలో నొకటి. ఆడదాని తోక పొట్టియగుటకు కూడ ఇందులో కొంత సమాధానము కలదు. ఆడది కూర్చుండి పిలుచును. చీకటిలో గబ్బిలముల నడుమ తిరుగవలసినది మగది.

శలభముగా దీని ఆయువు నాలుగైదు దినములు మాత్రమే. దీనికి నోటిభాగములు పనిచేయవు. ఒక్క తేనెబొట్టయినను త్రాగలేదు. గొంగళిపురుగుగా ఉన్నప్పుడు సుమారు రెండు నెలలు ఆకులు తిని కూడబెట్టుకొన్న కొవ్వే దీని దారిబత్తెము. ఆ బత్తెము ముగియులోపల మగది ఆడదానిని కనుగొనవలెను, ఆడది గ్రుడ్లు పెట్టవలెను. ఒక్కొక్క ఆడశలభము 120 మొదలు 170 వరకు గ్రుడ్లు పెట్టును. 150 అనుకొందము. అడవిలో ఈ జాతి సంఖ్య పెరుగక తరుగక నిలుచుటకు వీటిలో రెండు మాత్రము శలభములై గ్రుడ్లు పెట్టువరకు బ్రతికిన చాలును. అనగా 148 చచ్చుట మామూలు లెక్క! ఇంత ఇరుకైన లెక్కలో 35కును 81కిని గల భేదము ఎంతటిదో ఊహించుకొనుడు.

గొంగళిపురుగు ఆకుపచ్చనిది. తిండి ముగించిన పిమ్మట ఆకుల నడుమ పట్టుగూడు అల్లుకొనును. ఆ గూడు వెండిరేకువలె తళతళలాడును. తోకలను చూచి ముచ్చటపడువారు ఈ గూటిని అంతగా పట్టించుకొనరు, అది అన్యాయమని నేననుకొందును. వానలడవిలో గూడు కట్టుకొనువానికి రెండు బాధలు. ఒకటి నీరు. ప్యూపా ఈ గూటిలో రెండు మొదలు ఆరునెలల వరకు ఉండవలెను. నీరు లోపల నిలిచినచో మునిగి చచ్చును. అందుచేత గూటికి సన్నని రంధ్రములు విడిచియుండును. పడిన నీరు వాటినుండి కారిపోవును. రెండవది వాన వెలిసిన వెంటనే కాయు ఉష్ణమండలపు ఎండ. కదలలేని ప్యూపాకు నీడకు పోవు వీలులేదు.

2018లో న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమున నాన్‌ఫాంగ్ యూ, ఆయన సహచరులు ఈ పట్టుపోగును కోసి సూక్ష్మదర్శినితో చూచిరి. పోగు గట్టిగా నిండియుండక, దాని పొడవునను లెక్కలేనన్ని అతిసన్నని గాలిగొట్టములు సాగియున్నవి. వాటి మందము వెలుగు తరంగదైర్ఘ్యముతో పోల్చదగినది. పట్టు వెలుగును లోనికి పోనిచ్చును, గాలియును పోనిచ్చును. కాని రెండును పక్కపక్కన దట్టముగా ఉన్నప్పుడు వెలుగు ప్రతి హద్దునను చెదరి వెనుకకు మరలును. నురుగు తెల్లగా నుండుటకును, నీరు తెల్లగా లేకుండుటకును కారణమిదే. వెండ్రుకంత మందముగల ఒక్క పోగు తనపై బడిన సూర్యకాంతిలో మూడింట రెండువంతుల వరకు త్రిప్పికొట్టునని వారు కొలిచిరి. పైగా ఆ పట్టు తనలోని వేడిమిని పరారుణకిరణముల రూపమున బయటికి చక్కగా పంపివేయును. గూటి వెండిమెరుగునకు అర్థమిది. అందులో లోహమేమియు లేదు.

ఈ శలభము కాపురమున్న అడవినిగూర్చి కొంత చెప్పవలెను. మడగాస్కరు 8 కోట్ల 80 లక్షల సంవత్సరముల క్రిందట మన దేశపు భూభాగమునుండి విడిపోయిన ద్వీపము. దాని తూర్పుతీరము వెంబడి కొండలచరియ గోడవలె నిలిచియున్నది. హిందూమహాసముద్రముమీదుగా వీచు తూర్పుగాలులు ఆ గోడకు తగిలి వానలు కురియును. ఆ వానలతో పెరిగిన అడవులలో ఆరు జాతీయోద్యానములను కలిపి 'అట్సినానానా వానలడవులు' అను పేర 2007లో ప్రపంచవారసత్వ పట్టికలో చేర్చిరి. దొంగతనముగా కలప నరుకుట పెచ్చుపెరుగుటచే 2010లో దానిని ప్రమాదమున ఉన్నవాటి జాబితాలోనికి ఎక్కించిరి. 2025లో పరిస్థితి మెరుగుపడినదని ఆ జాబితానుండి తీసివేసిరి.

ద్వీపమంతటిని తీసికొన్నచో లెక్క అంత ఊరట కలిగింపదు. 1953 మొదలు 2014 వరకు మడగాస్కరు సహజారణ్యములలో నూటికి 44 వంతులు పోయినవి. మన మన్యములో పోడు అను వ్యవసాయమునే అక్కడివారు 'తావీ' అందురు. కొండవాలున చెట్లు నరికి, తగులబెట్టి, బూడిదలో వరి చల్లుదురు. రెండుమూడు పంటలలో నేల సారము చచ్చును, మరియొక చోట నరుకుదురు. దీనికి ఆ రైతును తిట్టుట సులభము. వానికి వేరొక పొలమున్నదా అని అడుగువారు తక్కువ. శలభమునకు వచ్చు కష్టము అడవి తరుగుటవలననేగాక, అడవి ముక్కలగుటవలన కూడ. నాలుగైదు రాత్రుల ఆయువుగల మగది గాలిలో వచ్చు గంధమును పట్టుకొని పోవలెను. నడుమ కాల్చిన కొండవాలు మైళ్లకొలది అడ్డమున్నచో, ఈ ముక్కలోని ఆడదియు ఆ ముక్కలోని మగదియు ఒండొంటికి లేనట్లే.

ఈ శలభమును పెంచుట కష్టముకాదు. అనేక దేశములలో కీటకప్రియులు నీలగిరిచెట్ల జాతి ఆకులు మొదలగువాటిపై గొంగళిపురుగులను పెంచుచున్నారు. కాని పంజరములో తరతరములు పెరిగిన శలభమునకు గబ్బిలముల బెడద ఉండదు. పొడవు తోకను నిలబెట్టిన కారణమే అక్కడ లేదు.

మడగాస్కరు పీఠభూమివారు పూర్వమునుండి మరియొక అడవి పట్టుపురుగు గూళ్లనుండి నూలు వడకి, చనిపోయినవారికి కప్పు వస్త్రములను నేయుచుండెడివారు. ఈ శతాబ్దములో ఈశాన్యభాగమున, మకీరా అరణ్యపు అంచు గ్రామములవారు అంతెరీనా సురకా అను శలభపు గూళ్లను వడకకుండ, విప్పి పరచి, ఒకదానికొకటి కుట్టి బట్ట చేయుట నేర్చిరి. ఇదియు తోకచుక్క కుటుంబములోనిదే, తోకలు మాత్రము లేవు. పురుగునకు ఆకు కావలెను గనుక, వారు తమ పొలముల గట్లమీద దాని మేతచెట్లను నాటుకొనిరి.